మూడు గళ్ళ చీటీ

కుర్చీ మార్చేశారేమో అనుకున్నాను, లేదు, కుర్చీ అదే, దాని మీది గలీబు ఉతికినట్టున్నారు, ఆకుపచ్చ కాస్త పాలిపోయింది, ఎడంచేతి వైపు చెక్కలో సన్నటి చీలిక ఉండాలి, ఉంది, వేలికి తగిలింది, హమ్మయ్య, ఇరవై రెండేళ్ళుగా ప్రతి గురువారం పదిన్నరకి మా అమ్మాయి ఆ తెల్ల తలుపు లోపలికి వెళ్తుంది, నేను ఈ కుర్చీలో కూర్చుంటాను, పదకొండున్నరకి తలుపు తెరుచుకుంటుంది, ఇద్దరం కలిసి బస్సెక్కుతాం, ఇంతకన్నా నేను పెద్దగా ఏమీ కోరుకోలేదు, కానీ ఇవ్వాళ చివరి గురువారం, లోపల మా అమ్మాయితో మాట్లాడే కౌన్సెలరమ్మ ఇవ్వాళ్టితో రిటైరైపోతోంది, ఆ సంగతి నాకు తెలుసు, మా అమ్మాయికి తెలియదు, చెప్పాల్సింది నేనే, మూడు వారాల క్రితం ఉత్తరం వస్తే చదివి, మళ్ళీ చదివి, నక్షత్రాల పుస్తకంలో నూట పన్నెండో పేజీలో పెట్టి మూసేశాను, పుస్తకం మూసేస్తే ఉత్తరం రానట్టే అని, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆ పుస్తకం ఇప్పుడు నా ఒళ్ళో సంచిలో ఉంది, సంచిలో ఇంకా దాని చెవుల మీదికి హెడ్‌ఫోన్లు, నీళ్ళ సీసా, బిస్కెట్లు, ఒక జత బట్టలు, నలభయ్యారేళ్ళ మనిషికి జత బట్టలెందుకని ఎవరైనా అడగొచ్చు, నలభై ఏళ్ళ క్రితం సర్దిన సంచి, లోపలివి మార్చాను గానీ సర్దడం మానలేదు.

పది నలభై, లోపల నుంచి అరుపు వినబడలేదు, ఆవిడే చెప్పేస్తుందేమో, చెప్పగానే మా అమ్మాయి గోడవైపు తిరిగి కూర్చుంటుందేమో, ఎనిమిదేళ్ళప్పుడు కూర్చున్నట్టు, వద్దు, ఆ ఏడాది తలుచుకోకూడదు, ఆవిడ గురించి ఆలోచించుకుంటాను, రెండద్దాలావిడ, ఆ పేరు పెట్టింది మా అమ్మాయే, మొదటి రోజు గంటసేపు ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చుని, లేవబోతూ, మీకు ముక్కు మీద ఒక కళ్ళజోడు, నెత్తి మీద ఒక కళ్ళజోడు ఉన్నాయి, మిగతా రెండు కళ్ళు ఎక్కడున్నాయి అని అడిగిందట, ఆవిడ తల వెనక తడుముకుని, నేనూ వెతుకుతున్నానమ్మా అందట, దొరికితే మా డిపోకి తెచ్చివ్వండి అందట మా అమ్మాయి, అప్పటికి వారమే అయింది దానికి బస్ డిపోలో ఉద్యోగం వచ్చి, పోయిన వస్తువుల గదిలో, జనం బస్సుల్లో ఏం మర్చిపోతారో మీరు నమ్మరు, గొడుగులు, టిఫిన్ డబ్బాలు, పెట్టుడు పళ్ళు, ఒంటి చెప్పు, ఒంటి చెప్పుతో ఇంటికెలా వెళ్ళారో ఆ మహానుభావులు, ప్రతి వస్తువుకీ దారంతో అట్ట చీటీ కట్టాలి, ఏ బస్సులో దొరికింది, ఎప్పుడు, ఎన్ని రోజులు ఉంచుతారు, తొంభై రోజులు ఉంచుతారు, మా అమ్మాయి గొడుగు పిడి చూసి ఏ బస్సో చెప్పేస్తుంది, డిపోలో దాన్ని అందరూ గొడుగులమ్మ అంటారు, మొదట్లో ఎగతాళికి, ఇప్పుడు పనిబడి, ఆ అట్ట చీటీలు చూసే రెండద్దాలావిడ కిటుకు కనిపెట్టింది, నీ గొడుగులకి రాసినట్టే ముగిసిపోయే ప్రతిదానికీ ఒక చీటీ రాసుకుందాం, మూడు గళ్ళు, అయిపోయేది ఏది, ఎప్పుడు, తరవాత ఏమిటి, అంది, అంతే, పై అధికారి బదిలీ అయినా చీటీ, బస్సు నంబరు మారినా చీటీ, వాడే సబ్బు దుకాణంలో రాకుండా పోయినా చీటీ, చీటీ ఉంటే మా అమ్మాయి దేన్నైనా దాటేస్తుంది, ముప్పై రోజుల ముందు రాయాలి, అది రూలు, ముప్పై రోజులూ చదువుకుంటుంది, రోజుకోసారి, ఈసారి రాయాల్సిన దాన్ని నేను, ముప్పై రోజులు లేకపోయినా మూడు వారాలు నా చేతిలో ఉన్నాయి, రోజూ పొద్దున పెన్ను తీసి రోజూ పెన్ను మూత పెట్టాను.

అదే తప్పు రెండోసారి, మొదటిసారి చేసినప్పుడు నాకు ముప్పై నాలుగు, దానికి ఎనిమిది, మాటల టీచరమ్మ ఉండేది, వారానికి మూడుసార్లు ఇంటికొచ్చేది, అట్టముక్కల మీద బొమ్మ, కింద పేరు, గ్లాసు, తలుపు, చెప్పు, ఐదేళ్ళొచ్చినా అమ్మా అని పిలవని పిల్ల ఆ అట్టల మీది పేర్లు చదివేసింది, బొమ్మలు చూడనే లేదు, నాకేమో అప్పటికి నా పేరు రాసుకోవడం కూడా రాదు, మధ్యాహ్నం అది పడుకున్నాక ఆ అట్టలే నేలమీద పరుచుకుని బొమ్మని బట్టి అక్షరం గుర్తుపట్టేదాన్ని, నాకు బడీ అదే, పంతులూ అదే, పిల్లకి వేసిన మందు తల్లికి పట్టింది, ఆ తరవాత కాగితమన్నది కనిపిస్తే వదల్లేదు, పొట్లం కాగితాలు, మందు సీసాతో వచ్చే మడతల కాగితాలు, పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు, ఏ పుస్తకమైనా ముందు చివరి పేజీ చదువుతాను, ఎవరు ఎవరిని వదిలేసి పోతారో తెలిస్తే గానీ మొదటి పేజీ తెరవలేను, సరే, ఆ టీచరమ్మ ఒకరోజు, నెలాఖరుకి మేం వేరే ఊరు వెళ్ళిపోతున్నామండీ, పాపకి మీరు మెల్లగా చెప్పండి, ఇవ్వాళ్టి నుంచే చెప్పడం మొదలుపెట్టండి అంది, అలాగే అన్నాను, చెప్పలేదు, సోమవారం పిల్ల గుమ్మంలో కూర్చుని టీచరేదీ అంది, వస్తుందమ్మా, ఇప్పుడే వస్తుంది అన్నాను, బుధవారం అదే అన్నాను, శుక్రవారం అదే అన్నాను, మూడు వారాలయ్యాక అడగడం మానేసింది, అడగడంతో పాటు మాట్లాడడమే మానేసింది, గోడవైపు తిరిగి, పదకొండు నెలలు, ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో నాకిప్పటికీ తెలుసు, ఇప్పుడే వస్తుంది అన్న ఆ మాట నా నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు, మా అమ్మ నోటి నుంచి వచ్చింది, నాకు తొమ్మిదేళ్ళప్పుడు నన్ను పిన్ని ఇంటికి తీసుకొచ్చి, కాళ్ళు కడుక్కో పో, ఇప్పుడే వస్తా అంది, పెరట్లో కుళాయి తిప్పి మోకాళ్ళ దాకా కడుక్కున్నాను, శుభ్రంగా, మెచ్చుకుంటుందని, కుళాయి చప్పుడులో వీధి తలుపు చప్పుడు వినబడలేదు, వచ్చి చూస్తే అమ్మ లేదు, ఎక్కడో ఆసుపత్రిలో ఆయా పని దొరికిందట, ఏడాది తిరక్కుండా అక్కడే జ్వరమొచ్చి పోయిందట, అన్నీ అటలే, ఒక్కళ్ళూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు, అప్పటినుంచీ ఎవరు వెళ్ళిపోతున్నా నేను పోయి కుళాయి తిప్పుకుంటాను, నీళ్ళ చప్పుడులో తలుపు వినబడదు, వినబడకపోతే వెళ్ళనట్టే, డెబ్భై రెండేళ్ళ ముసలిదాన్ని, ఇంకా అదే లెక్క, అదేమిటి, చెప్పు ఎక్కడికి పోయింది, నా కాలి కింద చెప్పు లేదు.

ఏమనుకోకండి పెద్దమ్మా, మా పాప తీసింది అంటున్నాడు ఎదురు కుర్చీలో అతను, గోళ్ళ సందుల్లో సిమెంటు ఉన్న చేతులు, టైల్స్ పరిచే మేస్త్రీ అట, పూట సెలవు పెట్టి వచ్చాడట, కింద నాలుగేళ్ళ పిల్ల గదిలో ఉన్న చెప్పులన్నీ తెచ్చి గోడ వారగా వరస పేర్చింది, పెద్దవి అటు, చిన్నవి ఇటు, నావి మధ్యలో, ఒక్క చెప్పు వంకర పోలేదు, ఫరవాలేదు నాయనా, నా చెప్పులకి ఇంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు అన్నాను, అతను నవ్వబోయి ఆగి, గొంతు తగ్గించి, మీరు చాలా రోజులుగా వస్తున్నట్టున్నారు, ఎన్నాళ్ళకి తగ్గుతుందండీ ఇది అన్నాడు, ఈ ప్రశ్న నేనెంతమందిని అడిగాను, ఎన్ని కుర్చీల్లో కూర్చుని అడిగాను, నలభయ్యొకటో ఏడు నడుస్తోంది నాయనా అన్నాను, అతని మొహం పాలిపోయింది, అయ్యో, అలా కాదు చెప్పాల్సింది, తగ్గడానికి ఇదేమన్నా జ్వరమా బాబూ, అది మనిషి, దాని తీరు అది, అన్నాను, మరైతే ఈ తిరగడం దేనికండీ, పని మానుకుని, అన్నాడు, కోపం కాదు, నిజంగానే అడిగాడు, నువ్వు టైలు పరుస్తావు కదా, నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఏం చేస్తావు అన్నాను, కింద మట్టం సరిచేసుకుంటానండీ అన్నాడు, టైలుని చెక్కవా అన్నాను, చెక్కితే పగుల్తుందండీ, ఎవడైనా పని తెలియనివాడు చేస్తాడు ఆ పని, అన్నాడు, అని తన కూతురి వంక చూశాడు, తన చెప్పులు కూడా విడిచి ఆ పిల్ల ముందుకు తోశాడు, అది వాటిని అందుకుని, అన్నిటికన్నా పెద్దవి, చిట్టచివర పెట్టి చేతులు దులుపుకుంది, మేస్త్రీ బిడ్డ కాదూ, విత్తు ఒకటేస్తే చెట్టొకటి మొలుస్తుందా.

రెండో గదిలోంచి ఎవరో పిలిస్తే ఇద్దరూ లోపలికి వెళ్ళారు, ఉత్తి కాళ్ళతోనే, చెప్పుల వరస అలాగే ఉంది, పదకొండు ఐదు, ఆ పిల్లకి నాలుగేళ్ళు, ఎంత దారుంది ముందు, మాకు ఐదేళ్ళకి మాటలు కావలసివచ్చాయి, పదమూడేళ్ళకి ఒంట్లో మార్పులు, అది భయపడి బీరువాలో దాక్కుంటే బొమ్మలు గీసి చూపించిన ఆవిడ ఇంకొకావిడ, ఇరవై నాలుగుకి ఉద్యోగం, డిపోలో హారన్లు, అప్పుడు రెండద్దాలావిడ, ముప్పై ఒకటికి ఒక కండక్టరు టీ తాగుదామా అని అడిగితే నాకు దాహం లేదు అని చెప్పి వచ్చేసింది, అతను అడిగింది టీ గురించి కాదేమో అని ఆవిడ చెప్తే మర్నాడు వెళ్ళి, ఇవ్వాళ దాహం ఉంది అందట, రెండేళ్ళు కలిసి టీ తాగారు, కుదరలేదు, ఆ చీటీ కూడా రాసుకుంది, మూడో గడిలో, టీ ఒక్కదాన్నే తాగుతాను, అల్లం ఎక్కువ వేసుకుంటాను, ఇప్పుడు నలభయ్యారు, ముట్లు ఆగిపోయే వయసు, చప్పుళ్ళు ఇదివరకటికన్నా పెద్దగా వినిపిస్తున్నాయట, చొక్కా కుట్టు గుచ్చుకుంటోందట, నాకైతే ఆ ఈడులో ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఏడాదంతా గిన్నెలు విసిరేశాను, దానికి చెప్పుకోవడానికి గురువారం ఉంది, కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళని మీ చూపు ఎప్పుడు బాగవుతుందని ఎవరూ అడగరు, వయసుని బట్టి అద్దాలు మార్చుకుంటారంతే, మీరూ ఓ పది నిమిషాలు లోపలికి రావచ్చుగా అమ్మా అని ఆవిడ నన్నెన్నిసార్లు పిలిచిందో, నాకేం, నేను శుభ్రంగా ఉన్నాను అనేదాన్ని, బస్సుకి గంటన్నర ముందొచ్చి స్టాపులో నిలబడే మనిషిని, పుస్తకం చివర్నుంచి చదివే మనిషిని, శుభ్రంగా ఉన్నాను, పదేళ్ళ క్రితం దాని నాన్న మంచం పట్టినప్పుడు కూడా చీటీ రాసింది ఆవిడా అదీ కలిసే, అయిపోయేది నాన్న, ఎప్పుడు, వానలు తగ్గేలోపు, తరవాత, గోడ గడియారానికి కీ నేనిస్తాను, ఆ చీటీ చూసి నేను రాక్షసివే నువ్వు అన్నాను, కన్నకూతుర్ని, ఆయన పోయిన పొద్దున మంచం పక్కన ఉన్నది అదే, చెయ్యి పట్టుకుని, పట్టుకోవడం ఇష్టం లేని పిల్ల పట్టుకుని, ఆయన నాకోసం చూస్తే, అమ్మ కుళాయి దగ్గరుంది నాన్నా, వస్తుంది అని చెప్పిందట, నేను వచ్చేసరికి గడియారానికి కీ ఇస్తోంది.

పదకొండు ఇరవై రెండు, ఇంక ఎనిమిది నిమిషాలు, లేచి తలుపు కొట్టి చెప్పేయనా, అమ్మా తల్లీ తప్పయింది, ఇదిగో ఉత్తరం అని, ఏడిస్తే ఏడవనీ, గోడవైపు తిరిగితే గోడవైపే నేనూ కూర్చుంటాను, ఈసారి పదకొండు నెలలైతే నాకు ఎనభై మూడు నిండుతాయా, కాదు, డెబ్భై మూడు, లెక్కలు కూడా తప్పుతున్నాను, ఉంటానో ఉండనో, నేను పోతే దానికి ఇప్పుడే వస్తుంది అని అబద్ధం చెప్పడానికైనా మనిషి లేడు, లోపల కుర్చీ జరిగిన చప్పుడు, లేచారు, వస్తున్నారు, కాళ్ళు తలుపు వైపు వెళ్ళాలి, వెళ్ళలేదు, కారిడార్ చివర బాత్రూం వైపు వెళ్ళాయి, ఉత్తి కాళ్ళు, భుజాన సంచి, చల్లటి నేల, నా చేతులు కుళాయి తిప్పాయి, పూర్తిగా, నీళ్ళు సింకులో పడి మొహం మీదికి చిందుతున్నాయి, బాగుంది, ఏమీ వినబడట్లేదు, బాగుంది.

నీళ్ళు ఆగిపోయాయి, నేను ఆపలేదు, నా భుజం పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి కట్టేసింది, గోళ్ళు పొట్టిగా కత్తిరించిన చెయ్యి, చూపుడు వేలికి సిరా మరక, అమ్మా, ఈ చప్పుడు నాకు పడదని తెలుసుగా అంది మా అమ్మాయి, దాని చూపు నా చెవి పక్కన గోడ మీద ఉంది, అది నన్ను చూసే పద్ధతి అదే, కళ్ళు ఎర్రబడలేదు, చెవులు మూసుకోలేదు, ఆవిడ నీకు చెప్పిందా అన్నాను, చెప్పింది అంది, ఇవ్వాళేనా అన్నాను, ఇవ్వాళ కాదు, ఇరవై ఆరు గురువారాల క్రితం, రెండు సెలవులు తీసేస్తే ఇరవై నాలుగు అంది, ఆరు నెలలా, ఆరు నెలల్నుంచీ తెలిసి నాకెందుకు చెప్పలేదే అన్నాను, గొంతు లేచింది, అది ఒక అడుగు వెనక్కి వేసి, నీకు వెళ్ళిపోవడాలు పడవు, నాకు మిక్సీ పడనట్టు, అందుకని నీకెలా చెప్పాలా అని పదకొండు గురువారాలు ప్రాక్టీసు చేశాం, ఆవిడ నువ్వైంది, నేను నేనే, ఆవిడకి నువ్వవడం సరిగ్గా రాలేదు, నువ్వైతే సగంలో బిస్కెట్ తింటావా అంటావు, ఆవిడ ఒక్కసారీ అనలేదు, అంది, నాకు నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి వచ్చింది, నేను ఉత్తరం దాచానే అన్నాను, తెలుసు, నూట పన్నెండో పేజీ అంది, ఎలా తెలుసే, పుస్తకం లావైంది, తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను, వస్తువు దాని మనిషి దగ్గరే ఉంటే అది పోయిన వస్తువు కాదు, మేం ముట్టుకోకూడదు, రూలు, అంది, మూడు వారాలు, ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద అన్నం తింటూ, నేను దాన్ని కాపాడుతున్నాననుకుని నేను దాచాను, నన్ను కాపాడాలని అది దాచింది, ఇద్దరం ఇద్దరమే, అప్పుడు జేబులోంచి దారం కట్టిన అట్ట చీటీ తీసి నా సంచి పిడికి ముడేసింది, చదువు అంది, కళ్ళు తుడుచుకుని చదివాను, మొదటి గడి, రెండద్దాలావిడతో గురువారాలు, రెండో గడి, ఇవ్వాళ పదకొండున్నరకి, మూడో గడిలో అక్షరాలు చిన్నవి చేసి ఇరికించింది, వచ్చే గురువారం పదిన్నర, కొత్తావిడ, ఆరుసార్లు కలిశాను, ఒకటే కళ్ళజోడు, సెంటు రాసుకోదు, నేను అడిగాను, అమ్మ కుర్చీ అదే, అమ్మకి కూడా లోపల పది నిమిషాలు, వెనక్కి తిప్పితే ఇంకో మాట ఉంది, ఏడవచ్చు, చప్పుడు తక్కువగా.

తెల్ల తలుపు దగ్గర రెండద్దాలావిడ నిలబడి ఉంది, ఆవిడకీ జుట్టు ఎప్పుడు నెరిసిందో, ప్రతి వారం చూస్తూ చూడలేదు నేను, అమ్మా, మీ అమ్మాయి షరతు పెట్టింది, మీరు కుళాయి దగ్గరికి పారిపోకుండా నాతో మాట్లాడితే గానీ నన్ను రిటైరవనివ్వదట, నా బతుకు మీ చేతుల్లో ఉంది, అంది నవ్వుతూ, నేను నవ్వలేదు, మాటలు వెతుక్కుంటున్నాను, పుస్తకాల్లో ఎన్నో చదివాను, ఒక్కటీ రాలేదు, మా అమ్మాయి నా మోచేతి పక్కన నిలబడి, ఉన్నది చెప్పు చాలు అంది, అప్పుడు చెప్పాను, మీరు వెళ్ళిపోతున్నారు, నాకు బాధగా ఉంది, ఇరవై రెండేళ్ళు మీరు మమ్మల్ని బాగా చూసుకున్నారు, అంతే, చిన్న పిల్ల అట్టముక్క చదివినట్టు ఒక్కో మాటా చదివాను, నాకూ బాధగా ఉందమ్మా అంది ఆవిడ, అని కాసేపు నా చెయ్యి పట్టుకుంది, తలుపు తెరిచే ఉంది, నేనక్కడే ఉన్నాను, ఏమీ కూలిపోలేదు, ఆవిడ నెత్తి మీది కళ్ళజోడు తీసి మా అమ్మాయికి చాపి, దొరికితే తెచ్చివ్వమన్నావుగా, ఇదిగో అంది, మా అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసింది, ఇది మీదని నాకు తెలుసు, మనిషి తెలిసిన వస్తువు మేం తీసుకోం, అంది, ఆవిడ నవ్విన నవ్వుకి రెండో గది తలుపు తెరుచుకుని మేస్త్రీ తొంగి చూశాడు, మా అమ్మాయి గోడ వారనున్న చెప్పుల వరస చూసి, వంగి చూసి, ఎవరు చేశారిది, బాగుంది, అంది, మా పాపండీ అన్నాడు మేస్త్రీ, అలా అనడంలో ఇందాకటి గొంతు లేదు, మా అమ్మాయి మధ్యలోంచి నా చెప్పులు తీసి, మిగతావి దగ్గరికి జరిపి ఖాళీ పూడ్చింది.

బస్సులో కిటికీ పక్క సీటు దానిది, నడిచే వైపు నాది, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది గానీ ఒక చెవి నా కోసం కొంచెం తెరిచి ఉంచింది, బిస్కెట్ తింటావా అన్నాను, చూశావా, అన్నావు అంది, ఎండ పల్చగా ఉంది, సంచి పిడికి చీటీ ఊగుతోంది, అడగకూడదనుకుంటూనే అడిగాను, ఏమే, ఇంకో చీటీ రాయాలి కదా, పెద్దది, నాది, అది కిటికీలోంచి చూస్తూనే, రాసి ఉంది అంది, నాన్నది రాసిన ఏడే రాశాను, డిపోలో నా సొరుగులో ఉంది అంది, ఎప్పుడు అన్న గడిలో ఏం రాశావు అన్నాను, తెలియదు కదా, ఖాళీగా ఉంచాను, రెండో గడి ఖాళీగా ఉండొచ్చు, మూడోది ఉండకూడదు, అంది, మూడో గడిలో ఏముంది, పెన్సిలుతో రాశాను, మారుతూ ఉంటుంది, డిపో, గురువారం పదిన్నర, గడియారానికి కీ, పై వాటా టైలరమ్మతో ఆదివారం అన్నం, ఆవిడని అడిగాను, సరేనంది, ఇంకా, అని ఆగి, నీ పుస్తకాలు మొదటి పేజీ నుంచి చదువుతాను, అంది, ఏడవచ్చు అని రాసి ఉంది కాబట్టి ఏడ్చాను, చప్పుడు తక్కువగా, నా ముందు సీటాయన వెనక్కి కూడా తిరగలేదు, ఇన్నేళ్ళూ నేను లేకపోతే ఇదేమవుతుందో అని నిద్రలో కూడా దాని కొంగు పట్టుకుని నడిచాను, అది ఎప్పుడో దాని దారి గీసుకుని, పెన్సిలుతో, నేను బెంగపడతానని చూపించకుండా దాచుకుంది.

చీటీ ఇంకొకటుందా అన్నాను, దాని జేబులో ఎప్పుడూ ఉంటాయి, ఒకటి తీసి, పెన్ను కూడా ఇచ్చి, ఏం పోయింది అంది, పాతది, అరవై మూడేళ్ళయింది, ఇంత ఆలస్యంగా రాయొచ్చా అన్నాను, సీట్ల వెనక ఇరుక్కుని ఏళ్ళకి దొరికినవి కూడా వస్తాయి, దొరికిన రోజే కడతాం చీటీ, అంది, బస్సు కుదుపులకి అక్షరాలు వంకరపోతున్నాయి, మొదటి గడి, మా అమ్మ, రెండో గడి, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నేను కాళ్ళు కడుక్కుంటుండగా, రాస్తుంటే మొదటిసారి కుళాయికి ఇవతల నుంచి కాకుండా వీధి తలుపు దగ్గర నుంచి చూశాను, ఒక ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి చేతిలో మూట పట్టుకుని నిలబడి ఉంది, చెప్పాలని వచ్చింది, నాలుక కదల్లేదు, సోమవారం గుమ్మంలో నా నాలుక కదలనట్టు, మూడు వారాలు నా పెన్ను కదలనట్టు, ప్రేమ లేక కాదు, ఆవిడకి ఎవరూ చీటీ రాయడం నేర్పలేదు, నాకు నేర్పడానికి ఇది పుట్టింది, మూడో గడి మిగిలింది, తరవాత ఏమిటి, పెన్ను పట్టుకుని పక్కకి చూశాను, మా అమ్మాయి హెడ్‌ఫోన్లలో దేనికో తలూపుతూ వచ్చే పోయే బస్సుల నంబర్లు పెదాలతో చదువుకుంటోంది, నేను రాశాను, తరవాత, బాగానే ఉన్నాను అమ్మా.